కెల్డన్ పొలంలో లేవని మనిషి

"ఈసారి లేవబుద్ధవుతుందో లేదో చూడాలి" అన్నాడు క్లైవ్, కారు నడుపుతూ.

నవ్వుతూ అన్నాడేమోనని అతని వైపు చూశాను. నవ్వడం లేదు. సన్నటి వాన పడుతోంది. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. వెనక సీట్లో అతని ఛాతీ కవచం పాత దుప్పట్లో చుట్టి, సీటు బెల్టు బిగించి ఉంది. అలా కట్టకపోతే మలుపుల్లో దొర్లి గీతలు పడతాయి. ఒకప్పుడు బెల్టు అవసరం ఉండేది కాదు. మా అమ్మాయి టెస్సా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గడ్డం దాని అంచుకు ఆనించి నిద్రపోయేది.

"లేవకపోతే ఏం చేస్తావు?" అన్నాను.

"పడుకునే ఉంటాను. వాన లేకపోతే."

క్లైవ్ వేళాకోళాలు ఇలాగే ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో అందులో నవ్వాల్సినదెంతో నాకు తెలిసేది కాదు. తర్వాత తెలిసింది. టెస్సా పోయాక మళ్ళీ తెలియకుండా పోయింది.

క్లైవ్ కౌంటీ రోడ్ల ఆఫీసులో పటాలు గీసి రిటైరయ్యాడు. వేసవిలో శని ఆదివారాలు మాత్రం పార్లమెంటు సైన్యంలో బల్లెం పట్టే సార్జంటు. ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ మధ్య మూడున్నర శతాబ్దాల కిందట జరిగిన యుద్ధాన్ని, జరిగిన చోటుకే వెళ్ళి, మావాళ్ళు మళ్ళీ జరుపుతారు. కొందరు రాజు పక్షం, కొందరు పార్లమెంటు పక్షం. అందరూ సోమవారం పొద్దున ఉద్యోగాలకు పోవలసినవాళ్ళే. పడ్డవాళ్ళు పోరు ముగిసేదాకా కదలకుండా పడి ఉండాలి. ఆఖర్న కెప్టెన్ "చచ్చినవాళ్ళు లేవండి!" అని కేక వేస్తాడు. డోలు మోగుతుంది. చచ్చినవాళ్ళంతా లేచి, బట్టలు దులుపుకుని, తాడు అవతల నిలబడ్డ జనానికి టోపీలు ఊపుతారు. జనం చప్పట్లు కొడతారు. పోరుకు కొట్టినవాటికంటే లేచినందుకు కొట్టే చప్పట్లే ఎప్పుడూ ఎక్కువ.

ఆ డోలు ఏళ్ళ తరబడి మా టెస్సా వాయించింది.

కిందటేడాది చలికాలంలో చనిపోయింది. రక్తానికి సంబంధించిన జబ్బు. ఆకులు రాలే రోజుల్లో బయటపడి, మంచు కరిగే లోపలే ముగిసిపోయింది. ఆఖరి మధ్యాహ్నం, అంతా అయిపోయాక, క్లైవ్ మంచం పక్కనుంచి లేచి, వార్డు గోడ మీద గడియారం వెనకబడి నడుస్తోందని నర్సుతో చెప్పాడు. ఆవిడ అలాగే చూస్తామంది. ఆ తర్వాత అతను టెస్సా గురించి మాట్లాడిన మాటలు చాలా తక్కువ. కిందటి వేసవిలో ఏ యుద్ధానికీ పోలేదు. కవచం గ్యారేజీలో మేకుకు వేలాడింది. ఈ వసంతంలో ఒకరోజు దానికి నూనె పూస్తూ కనిపిస్తే నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇప్పుడు కారులో ఈ మాట.

నేనింకేమీ అడగలేదు. అడిగితే వాతావరణం గురించి మాట్లాడతాడు.

మా పెళ్ళయిన మొదటి వేసవిలో నన్ను ఆ యుద్ధంలో పెద్ద పోరు జరిగిన ఎడ్జ్‌హిల్ తీసుకెళ్ళాడు. కొండ మీద నిలబడి కింద చెట్లు చూపించి, అశ్వికదళం అక్కడినుంచి వచ్చిందన్నాడు. నాకు చెట్లు కనిపించాయి, ఇప్పటి సైన్యం వాళ్ళు వేసుకున్న కంచె కనిపించింది. మరుసటి ఏడు మార్‌స్టన్ మూర్. రోడ్డు పక్కన ఒక రాతి స్తంభం, దాని వెనక కనుచూపు మేర చక్కెర దుంపలు. గాలికి నా శాండ్‌విచ్ కాగితం ఎగిరిపోతే క్లైవ్ దాని వెంట పరిగెత్తి, ఆగి, "సరిగ్గా ఇక్కడే, లోర్నా. ఈ గుంట దగ్గరే వరస తెగిపోయింది" అని అరిచాడు. అతని ముఖం వెలిగిపోయింది. ఏమీ లేని చోట నిలబడి అంతా చూడగలిగే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు దుంపలే కనిపించాయి. ఆ చూపు నాకు రాదని అప్పుడే అర్థమైంది. అతన్ని చూస్తే చాలనుకున్నాను. అలా మా జీవితమంతా పొలాల గట్ల మీద గడిచింది. నేజ్‌బీ యుద్ధభూమిలో మంచులో నిలబడ్డప్పుడు టెస్సా నా కడుపులో ఉంది. నడక వచ్చాక తండ్రి చెయ్యి పట్టుకుని ఆ దుంపల మధ్య నడిచింది. దానికి తండ్రి చూపు వచ్చింది. ఇద్దరూ గట్టు మీద నిలబడి ఖాళీ పొలంలోకి వేలు చూపిస్తూ వాదించుకుంటుంటే నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చునేదాన్ని.

కెల్డన్ ఊళ్ళోకి వచ్చేసరికి వాన వెలిసింది. క్లైవ్ చెప్పకుండానే చర్చి ముందు కారు ఆపాడు.

కెల్డన్ పోరు చిన్నది. చర్చి గోడ చాటు చేసుకుని రాజు మనుషులు కొందరు ఒక పూట నిలబడ్డారు. పార్లమెంటు వాళ్ళు వాళ్ళను తోలేశారు, అంతే. దక్షిణం గోడలో, తలుపు పక్కన, తుపాకీ గుండ్లు తగిలిన గుంటలు ఇంకా ఉన్నాయి. టెస్సా చిన్నప్పుడు వాటిలో ఒకదాంట్లో వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. "ఇది ఎవరి కోసం వచ్చింది నాన్నా?" అని అడిగింది. క్లైవ్ దగ్గర దేనికైనా జవాబుంటుంది. దానికి మాత్రం లేకపోయింది. "ఎవరికీ తగల్లేదుగా, గోడకే తగిలింది" అన్నాడు. అది ఊరుకోలేదు. "ఎవరి కోసమో వచ్చే ఉంటుంది కదా" అంది.

ఇవాళ క్లైవ్ గోడకు కొంచెం దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను దగ్గరకు వెళ్ళి ఆ గుంటలో వేలు పెట్టాను. లోపల చల్లగా ఉంది, నాచు మెత్తగా తగిలింది.

"దాన్ని తాకకూడదు" అన్నాడు. "అందరూ తాకితే రాయి అరిగిపోతుంది."

"అప్పుడు దానికి చెప్పలేదే."

"అప్పుడది చిన్నపిల్ల. చిన్న వేలు."

అంతవరకే. సమాధుల మీద వానచుక్కల్ని చూస్తూ కాసేపు నిలబడి, "పద, డెస్మండ్ ఎదురుచూస్తుంటాడు" అన్నాడు.

డెస్మండ్ మా జట్టు కెప్టెన్. మామూలు రోజుల్లో పళ్ళ డాక్టరు. పొలం అంచున గుడారాల మధ్య, కుట్లు పిగిలేంత బిగుతైన కోటులో, రెక్కలు చాపి మా మీదికి వచ్చాడు. అతని భార్య పాలీన్ మంట మీద పెద్ద కుండలో బార్లీ, ముల్లంగి వేసిన గంజి తిప్పుతోంది.

"సార్జంటూ! బతికున్నావా!" అన్నాడు డెస్మండ్. అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోలేక నోరు తెరిచే ఉంచాడు.

"సాయంత్రం దాకా" అన్నాడు క్లైవ్. "నీ చేతి గడియారం తియ్యి. ఆ రోజుల్లో అవి లేవు."

"వచ్చీ రాగానే మొదలెట్టాడయ్యా! పాలీన్, విన్నావా?"

"మరి తీసెయ్. పోయిన నెల నీ జేబులోంచి ఫోన్ మోగింది, యుద్ధం మధ్యలో. రాజు మనుషులు కూడా నవ్వారు" అంది పాలీన్. నన్ను దగ్గరకు లాక్కుని బుగ్గ మీద ముద్దుపెట్టి, చెవిలో, "ఎలా ఉన్నాడు బంగారం?" అంది.

"తెలీడం లేదు."

"నువ్వు?"

ఆ ప్రశ్నకు నేను గంజి మంచి వాసనొస్తోందన్నాను. క్లైవ్‌తో ఇన్నేళ్ళు కాపురం చేసి నేనూ ఇది నేర్చుకున్నాను.

కొత్త డోలు మనిషి పేరు నోయెల్. పోస్టుమేన్. ఎత్తుగా, వంగినట్టు ఉంటాడు. అతని దగ్గరున్నది టెస్సా వాయించిన డోలే. అది జట్టుది. దాని చెక్క మీద మోచెయ్యి రాసుకున్న చోట రంగు పోయి ఉంది. నోయెల్ మోచెయ్యి అక్కడికి రాదు, ఇంకా కిందికి వస్తుంది. అతను క్లైవ్ ముందు నిలబడి, డోలు తనది కానట్టు పక్కకు తిప్పి పట్టుకుని, "నేను... పుస్తకంలో ఎలా ఉందో అలాగే వాయిస్తానండీ" అన్నాడు.

"అలాగే వాయించాలి" అన్నాడు క్లైవ్. వంగి తన బూట్ల తాళ్ళు విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు.

పాలీన్ నా చెయ్యి నొక్కింది. ఆ మాటకు అర్థం ఆవిడకూ తెలుసు. పుస్తకంలో ఉన్నట్టు వాయించమని క్లైవ్ ఏళ్ళ తరబడి టెస్సాతో పోట్లాడాడు. చచ్చినవాళ్ళను లేపడానికి మావాళ్ళు అప్పటి సైనిక గ్రంథాల్లో ఉన్న నిద్రలేపే వరసనే వాడతారు. ముందు నెమ్మదిగా, తర్వాత వడిగా, ఒక పెద్ద దరువు, ముగింపు. టెస్సా ముగింపు దగ్గర ఆగేది. అయిపోయిందనుకునేంతసేపు ఆగి, అప్పుడొక దెబ్బ, ఒకే ఒక్కటి, మెత్తగా వేసేది. అది ఏ పుస్తకంలోనూ లేదు.

మా వంటగదిలో రొట్టెల డబ్బా మీద సాధన చేసేది. నేను కూరగాయలు తరుగుతుంటే క్లైవ్ పక్క గదిలోంచి అరిచేవాడు.

"ఆ చివరిది ఎక్కడిది?"

"నాదే."

"నీది ఎవడిక్కావాలి? ఆ కాలంలో అలా వాయిస్తే కొరడా దెబ్బలు తినేదానివి."

"తింటాను. చచ్చినవాళ్ళకి కాస్త టైమివ్వాలి కదా నాన్నా. డోలు మోగగానే దబ్బున లేవమంటే ఎలా లేస్తారు? పాపం, వాళ్ళు చచ్చిపోయి ఉన్నారు!"

"అది వాయింపు కాదు, అలసత్వం."

"అయితే పడుకునే ఉండు. నిన్నెవరూ లేపరు."

నేను నవ్వేదాన్ని. పొలంలో కూడా అది అలాగే వాయించేది. డోలు ఆగిపోయాక తలలెత్తినవాళ్ళంతా సగంలో ఆగి, ఆ చివరి దెబ్బ కోసం ఎదురుచూసేవాళ్ళు. ఒక్క క్లైవ్ మాత్రం పుస్తకం ప్రకారం ముందే లేచి నిలబడి, చుట్టూ పడి ఉన్నవాళ్ళ మధ్య ఒంటరిగా, కూతురి వైపు కోపంగా చూస్తూ ఉండేవాడు. ప్రతిసారీ.

పోరు మధ్యాహ్నం మొదలైంది. క్లైవ్ కళ్ళజోడు తీసి నాకిచ్చాడు. ఆ కాలానికి సరిపోని కళ్ళజోడు పెట్టుకుని ఎప్పుడూ దిగడు. అది లేకపోతే నాలుగు అడుగుల అవతల మనిషిని పోల్చుకోలేడు. నేను దాన్ని వానకోటు జేబులో వేసుకున్నాను. కవచం పట్టీలు బిగిస్తుంటే అతని ఊపిరి నా నుదుటికి తగిలింది.

"క్లైవ్" అన్నాను.

"ఊఁ."

"నిజంగా ఏమైనా అయితే చెయ్యెత్తు."

అది అందరికీ ఉన్న నియమమే. నిజమైన దెబ్బ తగిలినవాడు చెయ్యి నిటారుగా పైకెత్తాలి. అప్పుడు పోరు ఆపి, ప్రథమ చికిత్స వాళ్ళు లోపలికి వస్తారు. లేకపోతే నటనకూ నొప్పికీ తేడా తెలియదు.

"ఎత్తుతాలే" అన్నాడు.

నేను తాడు ఇవతల జనంలో నిలబడ్డాను. తాడు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. అవతల ఉన్నది వాళ్ళ కాలం, ఇవతల నాది. పొగ, కేకలు, బల్లేల ఒరిపిడి. క్లైవ్ వరస చర్చి వైపు నడిచింది. అతను ఎక్కడ పడాలో నాకు తెలుసు, మొదటి తుపాకుల పేల్పు దగ్గర. పడ్డాడు. క్లైవ్ పడటం చూడటానికే కొందరు వస్తారు. చేతులు విసరడు, అరవడు. ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగుతాడు. ఒక మోకాలు, తర్వాత రెండోది, ఆ తర్వాత పక్కకు. నా పక్కనున్న ఆవిడ, "అబ్బ, ఎంత బాగా చచ్చాడో!" అంది భర్తతో.

ఆ తర్వాత నేను పోరు చూడలేదు. గడ్డిలో అతని ఇనుప టోపీనే చూస్తున్నాను.

నేను ముప్పయ్యేళ్ళు ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేశాను. బయటి చప్పుడు రాని గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడ్డప్పుడల్లా చెయ్యెత్తమంటాం. శబ్దాన్ని తగ్గిస్తూ పోతాం. కొందరు వినబడినా ఎత్తరు. నమ్మకం కుదరదు. కొందరు శబ్దం లేకపోయినా ఎత్తుతారు. అబద్ధం కాదు, ఎదురుచూపు బలంగా ఉంటే చెవి దాన్ని తయారుచేసుకుంటుంది. అలాంటివాళ్ళ పరీక్ష కాగితం మీద గీత ఎప్పుడూ సరిగ్గా రాదు. టెస్సా పోయాక నా గీత కూడా సరిగ్గా లేదు. వంటగదిలో రొట్టెల డబ్బా మూత మూసినప్పుడల్లా ఆగేదాన్ని. ఏం వినడానికో నాకు తెలియదు. క్లైవ్‌కు అలాంటిదేమీ లేదనుకున్నాను.

పోరు ముగిసింది. పొగ పల్చబడింది. డెస్మండ్ పొలం మధ్యకు వచ్చి, టోపీ తీసి, గొంతు పెంచి, "చచ్చినవాళ్ళు లేవండి!" అన్నాడు.

నోయెల్ వాయించాడు. బాగా వాయించాడు. నెమ్మదిగా, తర్వాత వడిగా, పెద్ద దరువు, ముగింపు. ఒక్క దెబ్బ ఎక్కువా కాదు, తక్కువా కాదు. గడ్డిలోంచి మనుషులు లేచారు. దులుపుకుంటున్నారు, ఒకరికొకరు చెయ్యందిస్తున్నారు. చప్పట్లు.

క్లైవ్ లేవలేదు.

మొదట ఎవరూ గమనించలేదు. చప్పట్లు పల్చబడ్డాయి. అతని పక్కనుంచి లేచినవాడు కిందికి చూసి, నవ్వి, బల్లెంతో మెల్లిగా పొడిచాడు. మళ్ళీ చూసి నవ్వడం మానేశాడు. తాడు ఇవతల ఆకుపచ్చ కోటుల ప్రథమ చికిత్స వాళ్ళు సంచి తీసుకుని కదిలారు. జనంలో ఒక గుసగుస పాకింది. నోయెల్ తెల్లబోయి, తన చేతుల్లోని కర్రల వైపు చూసుకున్నాడు.

నాకు అప్పుడు వచ్చింది కోపం. భయం తర్వాత వచ్చింది. ముందు మాత్రం కోపమే. ఇంతమంది ముందు పడుకునే హక్కు ఇతనికెవరిచ్చారు? నేను ఒక్కరోజు కూడా పడుకోలేదు. బట్టలు ఉతికాను, దాని గది ఖాళీ చేశాను, వచ్చినవాళ్ళకు టీలు పెట్టాను. మేం ఈ దుఃఖాన్ని ఎప్పుడూ కలిసి మోయలేదు. భాగాలు పంచుకున్నాం. మాట్లాడకుండా ఉండటం అతని భాగం. అతన్ని చూస్తూ ఉండటం నాది.

తాడు ఎత్తి కిందినుంచి దూరాను.

డెస్మండ్ నాకు ఎదురొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "లోర్నా, వాళ్ళను రానివ్వు. గుండె అయ్యుంటుంది. నువ్వు చూడకు."

"చెయ్యెత్తాడా?"

"లేదు, కానీ..."

"ఎత్తుతానని నాకు మాటిచ్చాడు" అన్నాను. "కాసేపు ఆపు వాళ్ళను."

నమ్మకంతో అనలేదు. అతని వైపు అడుగులు వేశాను. ఎర్ర వానకోటు, ప్లాస్టిక్ బూట్లు. పదిహేడో శతాబ్దపు గడ్డిలో నాకంటే తప్పు వస్తువు ఇంకొకటి ఉండదు. అతను చూస్తే ఊరుకోడని తోచింది. ఆ ఆలోచనను పట్టుకునే నడిచాను.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. పక్కకు ఒరిగి, ఒక చెంప మట్టికి ఆనించి ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. ముక్కు ముందు గడ్డిపోచ ఒకటి కదులుతోంది, వంగుతోంది, లేస్తోంది. దాన్ని చూశాక నాకు ఊపిరి వచ్చింది.

"క్లైవ్. అయిపోయింది. డోలు మోగింది."

అతని భుజం తట్టాను.

"జనం చూస్తున్నారు. పాపం ఆ నోయెల్ ఏడ్చేట్టున్నాడు. తను తప్పు వాయించాననుకుంటున్నాడు."

"తప్పు వాయించలేదు" అన్నాడు క్లైవ్. పెదాలు మాత్రమే కదిలాయి. "సరిగ్గానే వాయించాడు."

"మరి లే."

గడ్డిపోచ వంగింది, లేచింది.

"ఇంకొకటి ఉంది కదా, లోర్నా" అన్నాడు. "చివర. దాని కోసం ఆగాను."

ఇన్నేళ్ళూ ఆగనివాడు. పొలంలో అందరూ ఆగితే తానొక్కడే లేచి నిలబడ్డవాడు.

"ఒక్కసారి కూడా ఆగలేదు నేను దాని కోసం" అన్నాడు. "ఇప్పుడు లేస్తే మళ్ళీ ఆగనట్టే."

ఎలా తోచిందో తెలియదు. అతన్ని భుజం పట్టి వెల్లకిలా తిప్పాను. కవచం ఎండకు వెచ్చగా ఉంది. దాని మీద రెండు చేతుల వేళ్ళతో మొదలుపెట్టాను. నాకు వాయించడం రాదు. కానీ ఆ వరస నా వీపు వెనక ఏళ్ళ తరబడి మోగింది. ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు, గిన్నెలు కడుగుతున్నప్పుడు, వినకుండా విన్నాను. నెమ్మదిగా. తర్వాత వడిగా. ఇనుము మీద నా గోళ్ళ చప్పుడు వానలా ఉంది, అంతకంటే పెద్దది కాదు. తాడు దగ్గరివాళ్ళకు వినబడదు. పెద్ద దరువు. ముగింపు. ఆగాను. ఆ దెబ్బ వేశాను.

"తొందరపడ్డావు" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

"ఏమిటి?"

"అది అంతకంటే ఎక్కువ ఆగేది. నువ్వు వెంటనే వేసేశావు. మళ్ళీ చెయ్యి."

"నేనేమన్నా డోలు వాయించేదాన్నా?"

"వరస తప్పు కాదు. ఆగడం తప్పు. ఇంకా ఆగాలి. అయిపోయిందనిపించాలి."

కావాలని తొందరపడ్డానా, నాకు తెలియదు. అతను తప్పు వింటే ఊరుకోలేని మనిషని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నా వేళ్ళకు కూడా అది తెలుసేమో. ఆ క్షణంలో అలాంటిదేదీ ఆలోచించినట్టు గుర్తులేదు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అతని వేళ్ళు గడ్డి మీద నాతోబాటు కదిలాయి. నెమ్మదిగా, వడిగా, పెద్ద దరువు. నా చేతులు లేపి ఉంచాను.

ఆగాను. చర్చి గోడ మీద కాకి అరిచింది. డెస్మండ్ బూట్లు దగ్గర్లోకి వచ్చి నిలిచిపోయాయి. ఇంకా ఆగాను. అంత పెద్ద పొలంలో ఇంతమంది మనుషులు ఊరకే నిలబడ్డారు. ఏమీ మోగడం లేదు. ఏమీ మోగకపోవడాన్ని మేమిద్దరం కలిసి వింటున్నాం. నా ఉద్యోగంలో ఇంత నిశ్శబ్దాన్ని ఏ గాజు గదిలోనూ వినలేదు. అయిపోయిందని నాకు తెలిసింది. నిజంగా, అప్పుడే, మొదటిసారి తెలిసింది. క్లైవ్ మూసిన కనురెప్పల కిందినుంచి నీళ్ళు జారి, ఇనుప టోపీ పట్టీలోకి ఇంకాయి.

అప్పుడు వేశాను. ఒకటి. మెత్తగా.

అతను మోచేతి మీద లేచాడు. ఒక మోకాలు, తర్వాత రెండోది. పడ్డప్పుడు ఎలా పడ్డాడో, అదే వరసను వెనక్కి తిప్పినట్టు లేచాడు. నా భుజం ఆసరా పట్టుకున్నాడు. కవచం బరువంతా కాసేపు నా మీద పడింది. తాడు అవతల ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళూ అందుకున్నారు. ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. క్లైవ్ వాళ్ళకు టోపీ ఊపలేదు.

"బంగారం, మమ్మల్ని చంపేశావు కదయ్యా!" అని పాలీన్ కుండ తిప్పే గరిటెతోనే పరుగెత్తుకొస్తోంది. డెస్మండ్ ప్రథమ చికిత్స వాళ్ళను చేత్తో వెనక్కి పంపాడు.

క్లైవ్ నోయెల్ వైపు చూశాడు. ఆ దూరానికి అతనికి ఒక మసక ఆకారం మాత్రమే కనిపించి ఉంటుంది.

"బాగా వాయించావు" అని కేక వేశాడు. కాస్త ఆగి, "ఒకటి చెప్పాలి నీకు. తర్వాత" అన్నాడు.

నేను జేబులోంచి కళ్ళజోడు తీసిచ్చాను. పెట్టుకుని, ముందుగా నా వైపు చూశాడు. ఎర్ర వానకోటు, ప్లాస్టిక్ బూట్లు, మోకాళ్ళ మీద బురద.

"ఈ బట్టలతో లోపలికొచ్చావా?" అన్నాడు.

"వచ్చాను."

అతని చెంప మీద మట్టి, దానిలో ఒక గడ్డిపోచ అతుక్కుని ఉంది. నేను దాన్ని తీయలేదు. ఇద్దరం తాడు వైపు నడిచాం.